అప్‌డేట్: ఇన్స్‌బ్రుక్ వెళ్లొచ్చాం

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో మ్యూజియంలు, కొండ నడక రెండూ ఒకే ట్రిప్‌లో కుదురుతాయా, అమ్మకు మోకాళ్ల నొప్పులు అని ఇదివరకు అడిగాను కదా. కుదిరాయి. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటే ముందు కొండెక్కండి, మ్యూజియం ఎక్కడికీ పోదు" అన్న సలహా బాగా పనికొచ్చింది. ఊరి మధ్యలోనే ఆర్కిటెక్ట్ జహా హదీద్ డిజైన్ చేసిన స్టేషన్‌లో కొండ రైలెక్కి హుంగర్‌బుర్గ్, అక్కడి నుంచి కేబుల్ కార్లలో మధ్య స్టేషన్ జేగ్రూబె, పై స్టేషన్ హాఫెలెకార్. ఊరు సుమారు 570 మీటర్ల ఎత్తులో ఉంటే, పై స్టేషన్ 2,256 మీటర్ల దగ్గర! కింద హాయిగా ఉన్న అమ్మకు పైన స్వెట్టర్ చాల్లేదు, నా జాకెట్ కూడా లాగేసుకుంది. శిఖరం దాకా నడక చిన్నదే గానీ రాళ్లదారి. తను స్టేషన్ దగ్గరే కూర్చుంది, నేను వెళ్లొచ్చాను.

మధ్యాహ్నం మబ్బు పట్టాక హోఫ్‌కిర్హె చర్చి. పవిత్ర రోమన్ చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ ఖాళీ సమాధి చుట్టూ 28 నిలువెత్తు కంచు విగ్రహాలు. ఆయన్ను పాతిపెట్టింది ఇక్కడ కాదు, ఆస్ట్రియాలోనే వీనర్ నోయ్‌స్టాట్ అనే వేరే ఊళ్లో! విగ్రహాల కవచాల మీది నగిషీ చూస్తూ అమ్మ మోకాళ్ల సంగతే మర్చిపోయింది. ఊళ్లో అందరూ చూసే బంగారు పైకప్పు, అదే గోల్డెనెస్ డాహ్ల్, ఫొటోల్లో చూసినంత పెద్దది కాదు, ఓ బాల్కనీ మీది కప్పంతే.

ఇన్స్‌బ్రుక్ కార్డు (కేబుల్ కార్లు, మ్యూజియంలు అన్నీ కలిపిన టూరిస్ట్ పాస్) తీసుకోవాలా అని అడిగినవాళ్లకు: కొండ, మ్యూజియంలు రెండూ చూసేట్టయితే తీసుకోండి. ఊళ్లో తిరగడానికే అయితే అక్కర్లేదు. గాలి ఎక్కువైతే కేబుల్ కార్లు ఆపేస్తారు, బయల్దేరేముందు చూసుకోండి.