చవితి చందాలో మిగిలిన 42,600: అన్నదానానికా, ఆడవాళ్ల సంస్థకా?

భవానీనగర్ 402
మా అపార్ట్‌మెంట్‌లో 24 ఇళ్లు. లడ్డూ వేలం పుణ్యమా అని ఈసారి వినాయక చవితి చందాలో 42,600 రూపాయలు మిగిలాయి. ఏటా మిగిలింది తిరుమల కొండమీద అన్నప్రసాదం ట్రస్టుకు పంపేస్తాం. ఈసారి మూడో ఫ్లోర్ అక్క, కొర్లగుంట వైపు రెండు గదుల్లో నడిచే ఒక చిన్న సంస్థకు ఇద్దామన్నారు. మొగుడు కొట్టి తరిమేసినవాళ్లకు, కూలి ఎగ్గొట్టించుకున్నవాళ్లకు, పుట్టింటి భాగం కోసం తిరిగేవాళ్లకు కాగితం పని, కోర్టు పని చేసిపెడతారట. వాళ్ల పోయినేడాది లెక్కల కాగితం ఫొటో కింద పెట్టాను. పేరు కొట్టేశాను, ఎవరూ రాయొద్దు. ఆదివారం మీటింగ్. ఏమంటారు?

పాకాల జంక్షన్
కాగితం చూశాను. ముగ్గురికి జీతాలు 5,40,000. సరే. దాని కింద వరుస చూడండి. ఆటో చార్జీలు 31,200! సేవ చేసేవాళ్లకు ఆటోలెందుకు సార్? ఊళ్లో బస్సులు లేవా? అన్నదానానికిచ్చిన రూపాయి అన్నం అవుతుంది. ఇక్కడ ఇచ్చిన రూపాయి ఆటోవాడి జేబులోకి పోతుంది.

బెల్లం మండీ
పాయింట్ ఉంది.

రుయా రోడ్డు
టీచరుగా రిటైరయ్యాను. ఆ సంస్థలో వారానికి మూడు రోజులు కూర్చుంటాను, జీతం లేదు. కాబట్టి నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదు, లెక్క మాత్రం వినండి. 31,200ని పన్నెండుతో భాగిస్తే నెలకు 2,600. ఆదివారాలు తీసేస్తే రోజుకు వంద. తిరుపతిలో ఆటో ఎక్కి దిగితే ఎంతవుతుందో మీకూ తెలుసు.

పోయిన నెల పుత్తూరు వైపు పల్లెనుంచి ఒకామె రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. చేతిలో పిల్లాడి స్కూలు బ్యాగు. పుస్తకాలు తీసేసి అందులో రేషన్ కార్డు, ఆధార్, చిన్నదాని టీకాల కార్డు పాలిథీన్ కవర్లో చుట్టి పెట్టుకుంది. చెప్పులు లేవు. ఆమెను సఖి సెంటర్‌కు, అంటే ఆపదలో ఉన్న ఆడవాళ్లకు తలదాచుకోవడానికి ప్రభుత్వం నడిపే చోటుకు, బస్సులో తీసుకుపొమ్మంటారా? అక్కడా ఐదు రోజులే ఉండనిస్తారు. ఆరో రోజునుంచి గది వెతకాలి. "ఒక్కతేనా? మగదిక్కు ఎవరు?" అని పదకొండు ఇళ్లవాళ్లు అడిగారు. పన్నెండో ఇంటావిడ, నేను పూచీ ఉంటానంటే ఒప్పుకుంది.

పాకాల జంక్షన్
అమ్మా, మీ సేవకు దండం. కానీ బిల్లులు ఉన్నాయా? ఆటోవాడు బిల్లు ఇవ్వడు కదా. మరి 31,200 అని గుండుగుత్తగా ఎలా రాశారు?

రుయా రోడ్డు
వోచరు రాసి సంతకం తీసుకుంటాం.

పాకాల జంక్షన్
ఎవరి సంతకం? ఆటోవాడిదా, ఎక్కినామెదా?

కపిలతీర్థం
అన్నా, లడ్డూ వేలానికి ఏ వోచరు తీసుకున్నారో అది కూడా అడుగు 🙂

నీవా నది
చిత్తూరు కోర్టులో పదిహేడేళ్లుగా ప్రాక్టీసు. సొసైటీ అయితే 2001 చట్టం కింద రిజిస్టరై ఉంటుంది, ఏటా లెక్కలు జిల్లా రిజిస్ట్రారుకు పంపాలి, అక్కడ అడగొచ్చు. విరాళాలకు పన్ను మినహాయింపు (80జీ అని పిలిచేది) ఉందో లేదో అడగండి. ఉంటే 2,000 దాటి నగదుగా ఇవ్వొద్దు, దానికి మినహాయింపు రాదు. విరాళం సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ ఏమీ రాదు. ఆటో గొడవ దీనికంటే పెద్దదేమీ కాదు.

బెల్లం మండీ
డ్వాక్రా గ్రూపులు ఊరికి పది ఉన్నాయి. మళ్లీ ఇవెందుకు?

రుయా రోడ్డు
డ్వాక్రా అప్పిస్తుంది బాబూ. ఆ అప్పు తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, వాయిదా తను కట్టుకునే ఆడవాళ్లు మా దగ్గర వరుసగా కూర్చుంటారు. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైంది రాత్రి బడిలో పలకలు పట్టుకున్న ఆడవాళ్లతో. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ బడిలో కిరోసిన్ ఖర్చు ఎంతయిందని ఎవరూ అడగలేదు.

పాకాల జంక్షన్
ఉద్యమాలు వేరు, ఇళ్లు కూల్చడం వేరు. అసలు సంగతి చెప్పమంటారా? ఈ సంస్థలవాళ్లకు పని కావాలి. పని లేకపోతే చందా రాదు. అందుకని సర్దుకుపోయే గొడవను కూడా కోర్టుకెక్కిస్తారు. అన్నాచెల్లెళ్లమధ్య కూర్చుని "నీకు హక్కుంది, అడుగు" అని నూరిపోస్తారు.

కపిలతీర్థం
అన్నాచెల్లెళ్లు ఎక్కణ్నుంచి వచ్చారన్నా? మనం ఆటోలో కదా ఉన్నాం.

భవానీనగర్ 402
దయచేసి టాపిక్ మీద ఉండండి.

మూడో ఫ్లోర్
టాపిక్ ఇదే తమ్ముడూ. ఆ సంస్థ పేరు చెప్పింది నేనే కాబట్టి నేనే రాస్తాను.

2011లో మా అన్న ఫోన్ చేసి "ఒక సంతకం ఉంది, రా" అన్నాడు. బస్సు దిగేసరికి స్టాండులో ఉన్నాడు. నాకు ఇడ్లీ, పొంగలి తినిపించాడు. చీర కొన్నాడు, ఆకుపచ్చది, 1,800 రూపాయలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నీలం సిరా దిండుమీద నా వేలు పట్టి నొక్కింది కూడా ఆయనే. చదవనివ్వలేదు అననండి, నేనే చదవలేదు. అన్న కదా. ఎకరంన్నర నా పేరున రావాల్సింది ఆ పూట రిలీజ్ డీడుతో, అదే హక్కు వదులుకున్నట్టు రాసే కాగితంతో, పోయింది. ఆ చీర ఇప్పటికీ మడత విప్పలేదు. మా ఆయన పోయాక, అద్దె కట్టలేక పుట్టింటికి వెళ్తే వదిన "ఎన్నాళ్లుంటావు?" అంది. ఆ సంస్థ అప్పుడు తెలిసుంటే సంతకానికి ముందు ఒకరిని అడిగేదాన్ని. అంతే నా బాధ.

బెల్లం మండీ
అయ్యో అక్కా.

పాకాల జంక్షన్
అక్కా, మీ అన్న చేసింది తప్పే. కానీ అందరు అన్నలూ అట్ల కాదు. నా సంగతి చెప్తా, వినండి. దామలచెరువు దగ్గర రెండెకరాల తోతాపురి తోట. మా చెల్లి పెళ్లికి 1999లో 12 సవర్ల బంగారం, మూడు లక్షల రొక్కం. ఆ అప్పు నేను ఎనిమిదేళ్లు తీర్చాను. మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి. మా అమ్మ మంచంలో పడితే మూడేళ్లు ఎత్తి దించింది నా పెళ్లాం. కాయ ధర పడిపోయిన ఏడు కోత కూలి కూడా రాక చెట్టుమీదే వదిలేశాను. అప్పుడు రాని చెల్లి, పక్కన రోడ్డు పడి సెంటు ధర పెరిగాక వచ్చింది, పక్కన ఇలాంటి ఒక సంస్థ మేడంతో. నోటీసు చేతికిచ్చింది ఎక్కడో తెలుసా? అమ్మ సంవత్సరీకం రోజు, వాకిట్లో, ఆటో దిగి!

కపిలతీర్థం
ఇప్పుడు అర్థమైంది ఆటో సంగతి.

పాకాల జంక్షన్
నవ్వండి. మీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది.

నీవా నది
సార్, కోపం లేకుండా రెండు ప్రశ్నలు. తోట తాతల నుంచి వచ్చిందా, నాన్నగారు కొన్నదా? ఆయన వీలునామా రాశారా?

పాకాల జంక్షన్
తాతది. వీలునామా లేదు.

నీవా నది
అయితే ఆ మేడం నూరిపోయాల్సిన పనేమీ లేదు, చట్టమే చెప్పింది. మన రాష్ట్రం 1986లోనే కొడుకుతో సమానంగా కూతురికి పిత్రార్జితంలో భాగం ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లందరికీ ఉంటుంది. మీ చెల్లెలిది 1999 పెళ్లి. 2005లో దేశమంతటికీ ఇచ్చారు, అప్పుడు పెళ్లయినవాళ్లకూ వచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని తేల్చింది. నాన్న సొంతంగా కొన్నదైనా వీలునామా లేకపోతే 1956 నుంచే కూతురు సమాన వారసురాలు. ఇక కట్నం అంటారా, 1961 నుంచి అది నేరం. నేరంగా ఇచ్చినదాన్ని భాగం కింద జమ కట్టమని కోర్టులో అడగలేరు. బోర్ల ఖర్చు, అమ్మగారిని చూసుకున్న ఖర్చు మాత్రం రాజీలో కూర్చుని అడగండి. అడగడంలో తప్పు లేదు.

మూడో ఫ్లోర్
అన్నా, మీ ఆవిడ మూడేళ్లు మీ అమ్మను చూసుకుంది. ఆమె పుట్టింట్లో ఆమె భాగం ఏమైంది?

(ఆ తర్వాత దాదాపు రెండు గంటలు ఎవరూ రాయలేదు.)

ఫస్ట్ బెంచ్
ఏటా మేలో గంగజాతరకు మగవాళ్లు చీర కట్టి, గాజులేసుకుని వీధులన్నీ తిరిగే ఊరు మనది. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ని గంగమ్మ వెతికి వెతికి చంపిందని మా అవ్వ చెప్పేది. పూజకు ఆమె, పంపకానికి మనం.

బెల్లం మండీ
ఇంకోటి. కొండమీద నిత్యాన్నదానం మొదలైందీ 1985లోనే. దానికి లైన్లో నిలబడి ఇస్తాం, ఆడపిల్ల హక్కు దగ్గరికొస్తే లెక్కలడుగుతాం. నేను పార్టీ మారుతున్నా.

పాకాల జంక్షన్
ఎవరు ఏ పార్టీ అయినా మారండి. మా ఆవిడ భాగం సంగతి అడిగారు. ఆమెకు ఇద్దరు తమ్ముళ్లు. 2008లో సంతకం పెట్టమన్నారు, పెట్టింది. నేనే బండిమీద తీసుకెళ్లాను. గొడవలెందుకని. సరేనా?

మా చెల్లి నాలుగేళ్లుగా ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఏటా వాళ్లింటికి నాలుగు పెట్టెల కాయలు పంపేవాణ్ని, అదీ ఆగిపోయింది. భాగం ఇవ్వనని నేను ఎప్పుడూ అనలేదు. నోటీసు ఎందుకు, నోటితో అడగొచ్చు కదా అన్నాను.

రుయా రోడ్డు
నోటితో ఎన్నిసార్లు అడిగిందో మీకు గుర్తుందా బాబూ?

పాకాల జంక్షన్
అడిగింది. పెళ్లిళ్లలో, చావుల్లో. నవ్వి ఊరుకున్నాను.

భవానీనగర్ 402
నేను చందా గురించి అడిగానండీ 🙏 ఆదివారం సాయంత్రం ఆరింటికి మీటింగ్. సంస్థకే ఇవ్వాలని తొమ్మిది ఇళ్లు, కొండకే అని ఎనిమిది ఇళ్లు, మిగతావాళ్లు లిఫ్టు రిపేరుకు వాడమంటున్నారు.

పాకాల జంక్షన్
దుడ్లు మీవి, మీ ఇష్టం. కానీ ఆటో 31,200 సంగతి నేను వదలను. వోచర్లు చూడకుండా చెక్కు ఇవ్వొద్దు.

రుయా రోడ్డు
వచ్చి మీరే చూడండి. ఫైలు బీరువాలో ఉంది. మంగళవారం తప్ప ఏ రోజైనా రండి, ఆ రోజు కోర్టుకు పోతాం.

పాకాల జంక్షన్
కొర్లగుంటలో ఎక్కడ? కారు పెట్టుకోవడానికి చోటుంటుందా?