పన్నెండేళ్ల ఇన్నోవా కొనొచ్చా? టొయోటా వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి

సీతమ్మధార_వాసి:

అందరికీ నమస్కారమండీ. అమ్మానాన్న, అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఏడుగురం ఉంటాం ఇంట్లో. ఇన్నాళ్లూ చిన్న కారుతో నెట్టుకొచ్చాం కానీ అన్నవరం వెళ్లాలన్నా అరకు వెళ్లాలన్నా ఇంకో బండి మాట్లాడుకోవాల్సి వస్తోంది. ఇక్కడే వైజాగ్ గోపాలపట్నంలో ఒకాయన దగ్గర 2013 ఇన్నోవా ఉంది. 2.5 డీజిల్, రెండో ఓనరు, మీటరు మీద లక్షా తొంభై వేల కిలోమీటర్లు. ఎనిమిది లక్షలు చెప్తున్నాడు, ఏడున్నరకి దిగేలా ఉన్నాడు.

మా బావమరిదేమో "అంత డబ్బు పోసి పాత బండి ఏంటి బావా, ఇంకొంచెం లోను పెట్టుకుంటే కొత్తదే వస్తుంది, పెద్ద స్క్రీను, సన్‌రూఫ్, వారంటీ" అంటున్నాడు. అదీ నిజమే. నాన్నగారు మాత్రం టొయోటా తప్ప వేరే పేరు వినరు. పోర్టులో చేసినప్పుడు ఆఫీసు క్వాలిస్‌లో తిరిగేవారు, ఆ బండి గురించి ఇప్పటికీ సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్తారు. ఈ కంపెనీకి నిజంగా అంత దమ్ముందా, లేక పాత రోజుల మీద అభిమానమా? మంచీ చెడూ రెండూ చెప్పండి, ఈ నెలలోనే తేల్చుకోవాలి.

అనంతగిరి_ఘాట్:

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా ట్రావెల్స్‌లో ఉన్నాను. క్వాలిస్, ఇన్నోవా, దాని తర్వాత వచ్చిన క్రిస్టా మూడూ నడిపాను కాబట్టి చెప్తున్నాను, మీ నాన్నగారిది వట్టి అభిమానం కాదు.

క్వాలిస్ 2000 జనవరిలో వచ్చింది. ఇండోనేసియాలో కిజాంగ్ అని అమ్మే బండినే మనకి తెచ్చారు. చూడ్డానికి బ్రెడ్డు ప్యాకెట్‌లా ఉందని అందరూ అన్నవాళ్లే, రెండేళ్లు తిరిగేసరికి స్టాండులో సగం అవే. ఇంజను 2.4 డీజిల్, పవర్ 75 హార్స్ మాత్రమే, పికప్ అంటారా పెద్దగా ఉండేది కాదు. కానీ శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు పది మందిని ఎక్కించుకుని ఏసీ ఆపేసి రెండో గేరులో పెడితే గాలికొండ దాకా టెంపరేచర్ ముల్లు కదిలేది కాదు. మాకు కావాల్సింది అదే. దారిలో బండి ఆగిపోతే ఆ రోజు కిరాయి పోవడమే కాదు, పార్టీ మళ్లీ ఫోన్ చెయ్యదు.

బాగా అమ్ముడవుతున్న ఆ బండిని ఆపేసి 2005లో ఇన్నోవా దించారు. మా స్టాండులో చాలామంది తిట్టుకున్నారు, నేను కూడా. తర్వాత నడిపితే అర్థమైంది. నాది 2008 మోడల్, నాలుగు లక్షల ఎనభై వేలు తిప్పి అమ్మాను, ఇంజను విప్పలేదు. క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చాను, అది ఘాట్‌లో నడిపితే ఎవరికైనా తప్పదు. వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చుంటే నడుం నొప్పి అనరు, అది పెద్ద విషయం. మైలేజీ మాత్రం ఎక్కువ ఆశించకండి, ఏసీతో పదకొండు, పన్నెండు.

ఒక్కటే భయం. టాక్సీగా తిప్పిన బండిని వైట్ ప్లేటుకి మార్చి, మీటరు వెనక్కి తిప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. ఇన్నోవాల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే ఐదు లక్షలు తిరిగిన బండి కూడా లక్షన్నర తిరిగినట్టే నడుస్తుంది. మొదటి రిజిస్ట్రేషను ఏమిటో ఆర్‌సీ మీద చూడండి, పాత సర్వీసు బిల్లులు అడగండి.

ఉక్కునగరం_రిటైర్డ్:

కంపెనీకి దమ్ముందా అని అడిగారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపికతో చదవండి. స్టీల్‌ప్లాంట్‌లో మెయింటెనెన్స్‌లో ముప్పై ఏళ్లు చేశాను, టొయోటా పద్ధతులు మాకు ట్రైనింగ్‌లో చెప్పేవాళ్లు, అప్పటి నుంచి ఆసక్తి.

ఇది కార్లతో మొదలైన కంపెనీ కాదు, మగ్గాలతో మొదలైంది. దానికి మూలపురుషుడు సకిచి టొయోడా వడ్రంగి కొడుకు, 1867లో పుట్టాడు. ఇంట్లో తల్లి నేసేది. ఆ శ్రమ చూసి మొదట చేతిమగ్గాన్ని బాగుచేశాడు, 1891లో దానికి పేటెంటు వచ్చింది. మా అమ్మమ్మది పొందూరు, చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చునేవాణ్ని కాబట్టి నాకు ఈ తర్వాతి మాట బాగా తెలుస్తుంది. పడుగులో ఒక్క పోగు తెగిందని గమనించకుండా నేసుకుంటూ పోతే అక్కణ్నుంచి బట్టంతా పాడు. మనిషి అయితే చూస్తాడు, మిషను ఎలా చూస్తుంది? సకిచి చేసిన మర మగ్గం పోగు తెగగానే దానంతటదే ఆగిపోతుంది. 1924లో వచ్చిన జీ రకం మగ్గమైతే నడుస్తుండగానే అడ్డపోగు తీసుకెళ్లే నాడె మార్చుకునేది, పోగు తెగితే ఆగేది. ఒకే మనిషి చాలా మగ్గాలు చూసుకోవచ్చు. ఆ పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొన్నది. కొడుకు కిచిరో కార్ల ప్రయోగాలకు ఆ డబ్బే ఊతమైందని చెప్తారు.

1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం పెట్టారు. 1935లో లారీ, 1936లో ఏఏ అనే కారు, 1937లో వేరే కంపెనీ. ఇంటిపేరు టొయోడా, బండికి టొయోటా అని పెట్టారు. జపాను లిపిలో అలా రాస్తే ఎనిమిది గీతలే పడతాయి, ఎనిమిది వాళ్లకి కలిసొచ్చే అంకె.

యుద్ధం తర్వాత కంపెనీ దాదాపు మునిగింది. 1950లో బ్యాంకులు చెప్పినట్టు మనుషుల్ని తీసెయ్యాల్సి వచ్చింది, పెద్ద సమ్మె జరిగింది, ఎవర్నీ తియ్యనని మాటిచ్చిన కిచిరో ఆ మాట నిలబెట్టుకోలేక పదవి వదిలేశాడు. ఆ వెంటనే కొరియా యుద్ధం వచ్చి అమెరికా సైన్యం లారీలు ఆర్డరిచ్చింది, కంపెనీ బతికింది. ఆయన మాత్రం 1952లో పోయాడు, ఆ ఎదుగుదల చూడలేదు. ఇది చదివినప్పుడల్లా మనసు అదోలా అవుతుంది నాకు.

తర్వాత తైచి ఓనో అనే ఇంజనీరు ఆ మగ్గం సూత్రాన్నే కార్ల లైనులోకి తెచ్చాడు. తప్పు కనపడితే ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు, సరిచెయ్యలేకపోతే లైను మొత్తం ఆగుతుంది. ఆపినందుకు ఎవరూ తిట్టరు. మా ప్లాంటులో మేము మిషను ఆపాలంటే పై అధికారి ముఖం గుర్తొచ్చేది, అందుకే ఈ ఒక్క విషయం మీద నాకు అంత గౌరవం. తర్వాత అతికించడం కాకుండా తప్పు పుట్టిన చోటే పట్టుకోవడం అన్నమాట. అనంతగిరి గారి బండి నాలుగు లక్షల ఎనభై వేలు తిరిగిందంటే దాని మూలం అక్కడ ఉంది.

ఇంకో మాట. మనం మినీ లారీని డీసీఎం అంటాం కదా, ఆ పేరు 1980లలో డీసీఎం టొయోటా అని ఇక్కడ తయారైన బళ్ల నుంచి వచ్చిందే. ఆ పొత్తు నిలవలేదు. తర్వాత 1997లో కిర్లోస్కర్ వాళ్లతో కలిసి బెంగళూరు దగ్గర బిడదిలో పెట్టారు. అంతకుముందే ఆ ఇద్దరూ బట్టల మిల్లు యంత్రాల కోసం కలిశారు, మళ్లీ నూలు దగ్గరే మొదలు.

మధురవాడ_టీచర్:

పెద్దాయన చెప్పింది చాలా బాగుంది, కానీ ప్రశ్న అడిగినాయన చెడు కూడా చెప్పమన్నారు. నేను చెప్తాను, నేనూ టొయోటా ఓనరునే.

2009, 2010లో అమెరికాలో యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కోవడం, కింద మ్యాటు అడ్డం పడటం వల్ల లక్షల కార్లు వెనక్కి పిలిచారు, అప్పటి కంపెనీ అధ్యక్షుడు అకియో టొయోడా స్వయంగా అమెరికా పార్లమెంటు ముందుకు వెళ్లి క్షమాపణ చెప్పాడు. 2014లో అక్కడి ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టారు. మొన్న 2024 జనవరిలో మూడు డీజిల్ ఇంజన్ల పవర్ పరీక్షల్లో, అమ్మే బళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది వాడారని బయటపడింది. మన క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపడం కొన్నాళ్లు ఆపారు. అంటే తాడు లాగాల్సిన చోట లాగనివాళ్లు ఆ గ్రూపులోనూ ఉన్నారు. పేరు చూసి కళ్లు మూసుకోవద్దని నా మాట.

రెండోది, టొయోటా బ్యాడ్జి ఉన్న ప్రతిదీ టొయోటా తయారుచేసింది కాదు. గ్లాంజా అంటే మారుతి సుజుకీ వాళ్ల బలేనో, రూమియన్ అంటే వాళ్ల ఎర్టిగా, టైజర్ అంటే వాళ్ల ఫ్రాంక్స్. చెడ్డ కార్లు అనట్లేదు, ఎర్టిగా ఏడుగురికి సరిపడే మంచి బండి. కానీ క్వాలిస్ జ్ఞాపకంతో మీ నాన్నగారు రూమియన్ ఎక్కితే అది వేరే బండి అని ఆయనకి తెలిసిపోతుంది.

నాది టొయోటా హైరైడర్, హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉంటుంది. రోజూ మధురవాడ నుంచి గాజువాక. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ దగ్గర ఆగి ఆగి వెళ్తున్నప్పుడు ఎక్కువసేపు మోటారు మీదే నడుస్తుంది, ఇంజను చప్పుడే ఉండదు. కాగితం మీద మైలేజీ లీటరుకి 27.97 ఉంది, నాకు 22 నుంచి 24 వస్తోంది. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ, ఆ టెన్షన్ లేదు. కాకపోతే డిక్కీ చిన్నది, సీట్లు అయిదే, లోపల ప్లాస్టిక్ ఆ ధరకి తగ్గట్టు లేదు. మీకు పనికిరాదు, సమాచారం కోసం చెప్పాను. నేను మీ స్థానంలో ఉంటే పాత ఇన్నోవానే చూస్తాను, అయితే ముందు కింద నుంచి చూపించుకుంటాను.

ఆటోనగర్_రెంచ్:

టీచర్ గారు సరిగ్గా చెప్పారు, కింద నుంచి. మన ఊళ్లో పాత బండికి ఇంజను కన్నా పెద్ద శత్రువు సముద్రం. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, హార్బరు వైపు బయట నిలబెట్టిన బళ్లు పైకి మెరుస్తూ ఉంటాయి, ర్యాంపు ఎక్కిస్తే ఛాసిస్, అంటే కింద ఉండే ఇనప చట్రం, పొరలు పొరలుగా రాలుతుంది. ఇన్నోవాది లారీలాగా నిచ్చెన ఛాసిస్, బాడీ దాని మీద కూర్చుంటుంది. బాడీ తుప్పుకి డెంటింగ్ చేసుకోవచ్చు, ఛాసిస్ పోతే ఆ బండి కొనకూడదు. కొత్త బ్లాక్ పెయింట్ కొట్టి ఉంటే మరీ అనుమానించండి, స్క్రూడ్రైవరు వెనక వైపుతో తట్టండి, ఖంగుమనాలి, డొల్లగా మోగితే లోపల లేదని అర్థం.

2013 బండి అంటే హుద్‌హుద్ తుపాను చూసిన బండి. 2014 అక్టోబరు 12న అది ఎక్కడుందో అడగండి. ఆ రోజు చెట్లు పడి పైకప్పులు మారినవీ, నీళ్లలో నిలబడినవీ తర్వాత రంగులు వేసుకుని ఊరంతా తిరిగాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడండి, కార్పెట్ ఎత్తి సీటు బోల్టులు చూడండి.

ఇంజనులో రెండు విషయాలు. 2.5కి టైమింగ్ బెల్టు ఉంటుంది, క్రిస్టాకి చైను. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని కొన్న రోజే మార్పించండి, తెగితే వాల్వులు వంగుతాయి. తర్వాత ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చెయ్యండి, వాళ్లు ముందే వేడి చేసి పెడితే వెనక్కి వచ్చెయ్యండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద పెట్టిన రూలు మనకి లేదు, పదిహేనేళ్లకి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించుకోవాలి, అంటే ఈ బండికి 2028లో. బేరం ఆడేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

సీతమ్మధార_వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నిన్న నాన్నగారిని తీసుకుని వెళ్లాను. ఉక్కునగరం పెద్దాయన రాసిన మగ్గం సంగతి దారిలో చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకున్నారు.

ఇంజను చల్లగానే ఉంది, ఒక్క తిప్పుకే స్టార్టయింది, పొగ లేదు. ఆర్‌సీ మొదటి నుంచీ సొంత బండే. కానీ ర్యాంపు ఎక్కించాక వెనక చక్రాల దగ్గర ఛాసిస్ మీద కొత్త నలుపు రంగు కనపడింది. తట్టితే ఎడమ వైపు ఖంగుమంది, కుడి వైపు డొల్ల. అక్కడ రేకు అతికించి వెల్డింగ్ చేశారు. అమ్మే ఆయన అది మామూలే అన్నాడు. నాన్నగారు చెయ్యి పెట్టి తడిమి చూసి, ఏమీ అనకుండా వెళ్లి మా చిన్న కారులో కూర్చున్నారు. వదిలేశాం.

విజయనగరంలో ఇంకొకటి ఉందట, 2014, ఒకే ఓనరు, సముద్రానికి దూరం. ధర యాభై వేలు ఎక్కువ. రెంచ్ గారూ, ఆదివారం మీకు వీలవుతుందా? రానూ పోనూ నేనే తీసుకెళ్తాను, మీ పనికి ఎంతైతే అంత ఇస్తాను.

ఆటోనగర్_రెంచ్:

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి గాజువాక జంక్షన్‌లో ఉంటాను. రాత్రి నుంచి బండి తియ్యొద్దని, స్టార్ట్ చెయ్యొద్దని వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. నాన్నగారిని కూడా తీసుకురండి.