పిల్లి పోయింది, ముసలి కుక్క తినడం మానేసింది. బెంగేనా?

హుద్దు_ఎంవీపీ:
నమస్తే అండీ. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఇంట్లో రెండు ప్రాణులుండేవి. హుద్దు ఊరకుక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిన మూడో రోజు, కూలిన చెట్టు కొమ్మల కింద కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లగా దొరికాడు. అందుకే ఆ పేరు. బంటి మగపిల్లి, తొమ్మిదేళ్లు. హుద్దు వీపు మీదే వాడి నిద్ర.

పోయిన నెల బంటి చనిపోయాడు. మూత్రం బిగిసిపోయింది. మాటిమాటికీ ఇసుక ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంటే మలబద్ధకం అనుకున్నాను. ఆ వారమంతా హుద్దు మోకాళ్ల నొప్పుల గోలే. మాత్రలు, మసాజు, మెట్లెక్కించడం. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. మగపిల్లికి మూత్రం ఆగితే ఒక్క రోజు కూడా ఆగకూడదట. ఆ ముక్క ముందు తెలిసుంటే...

ఇప్పుడు హుద్దు తినడం లేదు. బంటి కూర్చునే కిటికీ కిందే పడుకుంటున్నాడు. పెరుగన్నం, కోడి, ఏది పెట్టినా వాసన చూసి మొహం తిప్పేస్తున్నాడు. అందరూ బెంగ పెట్టుకున్నాడంటున్నారు. బెంగ ఎన్నాళ్లకి తగ్గుతుంది?

గాజువాక_రిటైర్డ్:
అమ్మా, మా ఇంట్లోనూ ఇంతే. జంటలో ఒకటి పోతే రెండోది గేటు దగ్గరే కూర్చుంది. మూడు వారాలు పట్టింది. బంటి పడుకున్న గుడ్డ ఉతికేయకండి, వాసన ఉండనివ్వండి. వాకింగ్, తిండి రోజూ అదే వేళకి జరగాలి. ఇంకో విషయం, ఇంట్లో టైల్సేనా? ముసలి కాళ్లు జారతాయి. నేను మంచం నుంచి గుమ్మం దాకా గోనెసంచులు పరిచి అంచులకి టేపు వేశాను. చూడటానికి రైతుబజారులా ఉండేది, కానీ లేచి నడిచాడు. మెట్ల దగ్గర పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకోండి.

పెందుర్తి_నాని:
వెంటనే ఇంకో పిల్లిపిల్లని తెచ్చేయండి. రెండు రోజుల్లో సర్దుకుంటాడు.

సీతమ్మధార_అక్క:
నాని, వద్దు తమ్ముడూ. ఒంట్లో బాగాలేని ముసలాడి మీద పిల్లిపిల్ల ఎక్కి తొక్కితే ఇంకా హైరానా పడతాడు.

హుద్దు వాళ్లూ, మీకు కొంచెం గట్టిగానే చెప్తున్నా, ఏమనుకోకండి. బెంగ ఉండొచ్చు, ఉంటుంది కూడా. కానీ పదకొండేళ్లు దాటిన కుక్క వరసగా రెండు రోజులు తినకపోతే బెంగ అనే మాట పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించాలి. మా ఇంట్లో పది రోజులు బెంగే అనుకున్నాం, తీరా చూస్తే కిడ్నీలు. మన ఊళ్లో గోమార్ల జ్వరం కూడా కొట్టిపారేసేది కాదు. కిడ్నీలకి క్రియాటినిన్, ఆ జ్వరానికి ప్లేట్‌లెట్లు, రెండు పరీక్షలూ అడగండి.

రెండు ప్రశ్నలు. ఆ నొప్పి మాత్ర ఖాళీ కడుపుతోనే వేస్తున్నారా? నీళ్ల గిన్నె ఎలా ఉంటోంది?

హుద్దు_ఎంవీపీ:
అక్కా, మాత్ర వేస్తూనే ఉన్నాను. తినకపోయినా నొప్పయినా తగ్గుతుందని.

నీళ్ల గిన్నె అడిగారు. ఇద్దరికీ ఒకటే గిన్నె. రోజుకి రెండుసార్లు నింపేదాన్ని. ఇద్దరు తాగుతున్నారు కదా అనుకునేదాన్ని. మీ మెసేజ్ చూశాక వెళ్లి చూశాను. బంటి లేడు, అయినా రెండుసార్లే నింపుతున్నాను. పిల్లి ఎంత తాగుతుంది చెప్పండి. ఇన్నాళ్లూ తాగింది వీడే.

సీతమ్మధార_అక్క:
అన్ని నీళ్లు తాగుతున్నాడంటే కిడ్నీలు కావచ్చు. ఇవాళే వెళ్లండి. మాత్ర ఆపి, ఆపానని డాక్టరుకి చెప్పండి. ఆ జాతి నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడతాయి. ఉదయం మూత్రం శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లగలిగితే ఇంకా మంచిది, గరిటె కింద పెడితే చాలు.

మధురవాడ_3బీ:
చదివేవాళ్లందరికీ ఒక మాట. మన పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ కుక్కలకి సొంతంగా వేయొద్దు. పిల్లికైతే పారాసిటమాల్ ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. మా మావయ్య "సగం మాత్రేగా" అన్నాడు. ఆయన దగ్గర్నుంచి డబ్బా లాక్కోవాల్సి వచ్చింది.

హుద్దు_ఎంవీపీ:
నాలుగు రోజులకి అప్‌డేట్. క్రియాటినిన్ 3.4. కిడ్నీలే. పాత మాత్ర ఆపేసి నొప్పికి వేరేది ఇచ్చారు. వాంతి రాకుండా ఒకటి, కిడ్నీ తిండి. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్, ఇంట్లోనే ఎక్కించుకోమన్నారు. నయం కాదట, కానీ కొన్నాళ్లు హాయిగా ఉంచొచ్చట.

నాకు ఏడుపు ఆగలేదు. ఒకడి మోకాళ్లు చూస్తూ ఇంకొకడిని చూసుకోలేదు. ఆ ఒకడిని చూశాననుకున్నా, వాడినీ చూడలేదు.

గాజువాక_రిటైర్డ్:
అలా అనకమ్మా. మాట రాని జీవాలు, నొప్పిని దాచుకుంటాయి. నేను ఒక క్యాలెండరు పెట్టుకున్నాను. తిని, తోక ఊపిన రోజుకి టిక్కు, లేని రోజుకి ఇంటూ. చివర్లో వరసగా ఇంటూలే వచ్చాయి. అప్పుడు డాక్టరుతో, బాధ లేకుండా సాగనంపే ఆ మాట మాట్లాడటానికి నాకు ధైర్యం వచ్చింది. మీకింకా ఆ అవసరం లేదు, కానీ టిక్కులు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి.

హుద్దు_ఎంవీపీ:
సరేనండీ. సెలైన్ బాటిల్ కర్టెన్ రాడ్డుకి కట్టాం, అమ్మ తల పట్టుకుంటుంది. అన్నం గోరువెచ్చగా చేసి, కవళ్ల చేపలు ఉడికించిన నీళ్లు ఒక్క చెంచా కలిపితే నాలుగు ముద్దలు తిన్నాడు. ఆ చెంచాకి డాక్టరు సరేనన్నారు. బంటికి తెచ్చిన కవళ్లు ఫ్రీజర్‌లో ఇంకా ఉన్నాయి, పారేయబుద్ధి కాలేదు. ఇవాళ టిక్కు పెట్టాను.

ఒక డౌటు. సెలైన్ ఎక్కాక భుజం దగ్గర నిమ్మకాయంత ఉబ్బింది. భయపడాలా?

సీతమ్మధార_అక్క:
అది నీరే. ఒక్కోసారి ముందుకాలి దాకా జారుతుంది, మర్నాటికి ఇంకిపోతుంది. ఎర్రగా, వేడిగా ఉంటే మాత్రం ఫోన్ చేయండి. ఎక్కించే ముందు బాటిల్‌ని కాసేపు గోరువెచ్చని నీళ్ల బకెట్లో ఉంచండి, చల్లగా ఎక్కితే వణుకుతారు.