కార్ల్ సేగన్ మన యుగాల లెక్క నిజమన్నాడా? ‘కాస్మోస్’ పదో భాగంపై చర్చ

వేగుచుక్క

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి పోయిన వారం ఒక వీడియో వచ్చింది. పంపినవారు మా పెదనాన్నగారు. నిడివి నిమిషం లోపే. రాతి గుడి, నటరాజ విగ్రహం, వెనక నుంచి కార్ల్ సేగన్ గొంతు. తెర కింద పసుపు రంగు అక్షరాలు: ‘మన ఋషుల లెక్కే నిజమని ఒప్పుకున్న అమెరికా శాస్త్రవేత్త’. పావుగంటలో ముప్పై నమస్కారాలు పడ్డాయి.

ఆ ముక్క ‘కాస్మోస్’ పదో భాగంలోది. 1980లో అమెరికాలో పీబీఎస్ వారు 13 భాగాలుగా ప్రసారం చేసిన ధారావాహిక అది. తర్వాత మన దూరదర్శన్‌లోనూ వచ్చింది. ఆ భాగాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే ఈ ముక్క వింటున్నప్పుడు ఒకచోట చెవికి ఏదో తగిలింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాను.

సేగన్ అసలు మాటలను తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇలా ఉంటాయి: ‘ఈ ఒక్క మతంలోనే కాలపరిమాణాలు, నిస్సందేహంగా కాకతాళీయంగానే, ఆధునిక విశ్వశాస్త్రం చెప్పే వాటితో సరిపోలుతున్నాయి.’ నడుమ ఉన్న ‘నిస్సందేహంగా కాకతాళీయంగానే’ అన్న మాటలు వీడియోలో లేవు. ఆ చోట వెనక సంగీతం చిన్నగా తుళ్లిపడి మళ్లీ అందుకుంటుంది, అంతే. తెలియనివారు పట్టుకోలేరు.

నాకు చాలా బాధ కలిగింది. మన దేశానికి వచ్చి, మన పండుగను, మన శిల్పాన్ని అంత గౌరవంగా చూపించిన మనిషి నోట్లోంచి రెండు మాటలు లాగేసి ఆయన చేతే అబద్ధం చెప్పించారు. మీ అందరినీ అడుగుతున్నాను: ఆ భాగంలో సేగన్ నిజంగా మెచ్చుకున్నది ఏమిటి? ఆ మెప్పును మనం ఎంతవరకు తీసుకోవచ్చు?

గోదారిగట్టు

కత్తిరించడం తప్పే, అందులో వాదన లేదు. కానీ మీరూ ఒక వాక్యం వదిలేశారండి. అదే భాగంలో నటరాజ విగ్రహం గురించి చెబుతూ సేగన్, ఈ లోతైన, అందమైన భావనలు నేటి ఖగోళశాస్త్ర భావనలకు ఒక రకమైన ముందస్తు స్ఫురణ అని ఊహించుకోవడం తనకు ఇష్టమని కూడా అన్నాడు. ‘కాకతాళీయం’ అన్నదీ ఆయనే, ‘స్ఫురణ’ అన్నదీ ఆయనే. ఒకటి గుర్తుపెట్టుకుని ఒకటి మరిచిపోవడం కూడా కత్తిరింపే.

1650లో ఆర్చిబిషప్ అషర్ సృష్టి జరిగింది క్రీ.పూ. 4004లో అని లెక్క తేల్చాడు. అప్పటికి ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే మన పురాణాలు బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, రాత్రి మరో 432 కోట్లు అంటున్నాయి. మొత్తం 864 కోట్లు. కాలాన్ని అంత విశాలంగా ఊహించిన తాతలు ఉన్నందుకు గర్వపడితే తప్పేమిటి? మీ పెదనాన్నగారికి నా నమస్కారం కూడా చెప్పండి.

సప్తర్షి

గోదారిగట్టు గారూ, స్ఫురణ వాక్యం నిజమే. అయితే ‘ఊహించుకోవడం నాకిష్టం’ అనడం ఒక ఎత్తు, ‘ఒప్పుకున్నాడు’ అనడం ఒక ఎత్తు. మొదటిది కవి మాట, రెండోది సాక్షి మాట.

అంకెల సంగతికి వస్తే, 864 కోట్లు విశ్వం వయసులో దాదాపు సగమని సేగన్ ఆ భాగంలోనే అన్నాడు. 1980 నాటికి విశ్వం వయసు మీద శాస్త్రవేత్తలలోనే ఏకాభిప్రాయం లేదు. 1000 కోట్లని కొందరు, 2000 కోట్లని కొందరు. విశ్వం వయసంతటినీ ఒక్క ఏడాదిలోకి కుదించి చూపిన తన విశ్వ పంచాంగంలో సేగన్ 1500 కోట్లుగా తీసుకున్నాడు. ఇప్పుడు తేలిన వయసు సుమారు 1380 కోట్లు. అందులో 864 అంటే 63 శాతం. సగం అనలేం.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. విశ్వం విస్తరించి, మళ్లీ ముడుచుకుని, మళ్లీ పుట్టవచ్చునన్న ఆలోచన అప్పట్లో బతికే ఉంది. సేగన్ నటరాజును చూపించింది ఆ సందర్భంలోనే. 1998లో దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచిన రెండు బృందాలు విశ్వ విస్తరణ వేగం తగ్గడం లేదని, పెరుగుతోందని కనుగొన్నాయి. 2011లో దానికే నోబెల్ వచ్చింది. మళ్లీ ముడుచుకునే విశ్వం ఆ తర్వాత బాగా వెనకబడింది. లెక్క కుదిరితే ఋషులకు ముందే తెలుసన్నాం. కుదరకపోతే ఏమనాలి? ఋషులకు తెలియదని అందామా? నాకు అలా అనడం ఇష్టం లేదు. అందుకే మొదటి మాట కూడా అనను.

లెక్కల మాస్టారు

ముప్పై ఏళ్లు హైస్కూల్లో గణితం చెప్పాను. రోజూ సంధ్యావందనం చేసుకుంటాను. రెండూ చెప్పడం ఎందుకంటే, ఈ విషయంలో నన్ను ఏదో ఒక గట్టున నిలబెట్టాలని చాలామంది చూస్తారు.

ముందు మనం రోజూ చెప్పే సంకల్పాన్నే చూడండి. ‘ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే...’ ఇది ఒక చిరునామా. ద్వితీయ పరార్ధం అంటే బ్రహ్మ వయసు నూరేళ్లలో సగం గడిచిపోయింది. ఆ సగమే 1,55,52,000 కోట్ల సంవత్సరాలు. పోనీ ఇప్పటి కల్పంలో, అంటే బ్రహ్మకు ఇప్పుడు నడుస్తున్న పగటిలో, గడిచింది ఎంత? సుమారు 197 కోట్లు. భూమి వయసు 454 కోట్లు. మరి మీరు విశ్వం వయసుతో పోలుస్తున్న 864 కోట్లు ఏమిటి? బ్రహ్మకు ఒక పగలూ రాత్రీ పట్టే నిడివి. గడిచిన కాలం కాదు. గోడ గడియారంలో పన్నెండు అంకెలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు సమయం పన్నెండు అనం కదా.

ఇక ఈ అంకెలు ఎక్కడివి? నా మటుకు నాకు అసలు విందు ఇక్కడుంది. నాలుగు యుగాలు కలిసిన మహాయుగం 43,20,000 సంవత్సరాలు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు అంత కాలంలో భూమి తన చుట్టూ తాను 1,58,22,37,500 సార్లు తిరుగుతుందన్నాడు. నక్షత్రాలను బట్టి లెక్కించిన ఈ తిరుగుళ్లు ఏడాదికి రోజులకన్నా ఒకటి ఎక్కువ, కాబట్టి అందులోంచి సూర్యుడి 43,20,000 చుట్లు తీసేయండి. 1,57,79,17,500 రోజులు మిగులుతాయి. దాన్ని 43,20,000తో భాగించండి. సంవత్సరానికి 365.25868 రోజులు. నేటి నాక్షత్ర సంవత్సరం, అంటే నక్షత్రాల నడుమ సూర్యుడు ఒక చుట్టు ముగించే కాలం, 365.25636. తేడా మూడు నిమిషాల ఇరవై సెకన్లు. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ భాగహారం నల్లబల్ల మీద చేయించేవాణ్ణి. దశాంశ బిందువు తర్వాత 258 రాగానే గది నిశ్శబ్దమైపోయేది.

అంత పెద్ద సంఖ్య ఎందుకు కావలసివచ్చింది? సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు అన్నీ భిన్నాలు లేకుండా పూర్ణసంఖ్యలో చుట్లు తిరిగి ముగించాలంటే అంత కాలం తీసుకోవాలి. మనం భిన్నాలకు క.సా.గు. తీస్తామే, ఆ పనే. ఆకాశాన్ని తరతరాలుగా చూసి, కొలిచి, ఆ కొలతలు ఇమిడే పెద్ద పాత్రను తయారుచేసుకున్నారు. విశ్వం ఎప్పుడు పుట్టిందో చెప్పే ప్రయత్నంగా ఆర్యభటుడు దాన్ని వాడలేదు.

ఇంకొకటి. బాబిలోనియా పూజారి బెరోసస్ జలప్రళయానికి ముందు పదిమంది రాజులు ఏలిన కాలం 4,32,000 సంవత్సరాలని రాశాడు. మన కలియుగం సరిగ్గా అంతే. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందని తగవు పడక్కర్లేదు. ఆకాశాన్ని కొలిచినవారు ఒకచోటే లేరు.

గోదారిగట్టు

మాస్టారూ, 197 కోట్ల మాట నాకు తెలియదు. ప్రతి పూజలో వింటున్నాను, ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. ఈ ఒక్క విషయంలో మీకు లొంగిపోతున్నాను.

కానీ తప్పంతా వీడియో కత్తిరించినవారిదే అంటే ఒప్పుకోను. ఆ భాగాన్ని మళ్లీ చూశాను. ధాన్యం తూర్పారపడుతున్న మనుషులు, పొంగల్ పండుగ, గుడి, ఆ కాంస్య నటరాజు, ఒక చేతిలో సృష్టినాదం చేసే డమరుకం, ఇంకో చేతిలో లయాగ్ని. ఇన్ని నిమిషాల పాటు గుండెను అంత ఎత్తుకు తీసుకువెళ్లి, నడుమ రెండే రెండు మాటల్లో ‘కాకతాళీయం’ అంటే ఎవరికి అంటుతుంది? కన్ను నమ్మినదాన్ని చెవి కాదనలేదు. టెలివిజన్‌లో బొమ్మే పెద్ద గొంతు. అది తెలిసి తీసినవాడికీ కొంత బాధ్యత ఉంది.

సప్తర్షి

ఇది న్యాయమైన మాట. ఆ ధారావాహిక మీద ఇలాంటి అభ్యంతరం ఇంకోచోట కూడా ఉంది. ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయం నాశనం, ఆ నగరపు గణిత పండితురాలు హైపేషియా హత్య గురించి చెప్పినప్పుడు రెండు వేర్వేరు నష్టాలు ఒకే కథలా చూసేవారి మనసులో అతుక్కుపోతాయని చరిత్రకారులు తప్పుపట్టారు. కథనం బలంగా ఉన్నచోట జాగ్రత్త మాటలు కొట్టుకుపోతాయి. అయినా అవి అక్కడ ఉన్నాయి కదండీ. తూకం కోసం ఆయన పెట్టిన రాయిని మనం తీసేసి, త్రాసు ఇటే మొగ్గిందని చూపించకూడదు.

కృత్తిక

మేము టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదమూడేళ్లు. ఇద్దరం కలిసి ఈ భాగం చూశాం. పొంగల్ రాగానే ‘ఇది మన సంక్రాంతే కదమ్మా’ అని లేచి కూర్చుంది. కోట్ల సంవత్సరాల లెక్కలు దాని తలకు ఎక్కలేదు. దాన్ని పట్టుకున్నది వేరే ఉంది. సేగన్ ఋగ్వేదంలోని సృష్టి సూక్తం చదువుతాడు చూడండి, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో నిజంగా ఎవరికి తెలుసు, దేవతలు కూడా ఆ తర్వాత వచ్చినవారే అని. అక్కడ ఆపమంది. ‘వేదంలోనే తెలియదని రాసుకున్నారా?’ అని అడిగింది. మా నాన్నగారికి ఫోను చేస్తే ఆయన పదో మండలం తీసి చదివి వినిపించారు: ‘కో అద్ధా వేద క ఇహ ప్ర వోచత్’. చివరి పాదం ‘సో అంగ వేద యది వా న వేద’, అంటే పైనున్న ఆయనకు తెలుసో, లేక ఆయనకు కూడా తెలియదో. అమ్మాయి ఆ పాదాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని తన బల్ల ఎదుట అంటించుకుంది. తెలుగు రాయమంటే పేచీ పెట్టే పిల్ల.

భారతదేశంలో ప్రశ్నించే సంప్రదాయం ఉందని, విశ్వరహస్యాల ముందు వినయం ఉందని సేగన్ ఆ భాగంలో పైకే అన్నాడు. వేగుచుక్క గారు అడిగిన మెప్పు ఇదేనని నాకు అనిపించింది. దీన్ని నిలబెట్టడానికి ఏ మాటా కత్తిరించక్కర్లేదు.

గోదారిగట్టు

కృత్తిక గారూ, ఆ పాదం పక్కన ఆర్యభటుడి భాగహారం కూడా అంటించమనండి. నేను అంకెల మీద గర్వాన్ని పూర్తిగా వదులుకోలేదు. 864 నుంచి 365.25868కి మార్చుకున్నానంతే.

వేగుచుక్క

ఆదివారం పెదనాన్నగారి ఇంటికి వెళ్లాను. గ్రూపులో అందరి ముందు తప్పు పట్టడం నాకు ఇష్టం లేకపోయింది. టీవీలో ఆ భాగం మొత్తం పెట్టి చూపించాను. ‘కాకతాళీయంగానే’ అన్నచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నాకు పంపినవాడికి కూడా ఇది తెలిసి ఉండదు’ అన్నారు. సాయంత్రం గ్రూపులో వీడియో కింద తానే రాశారు: ఇందులో రెండు మాటలు తీసేశారు, మొత్తం చూడండి అని. ఈసారి వచ్చిన నమస్కారాలు మూడు.

నిన్న రాత్రి ఆయనే ఫోను చేశారు. ‘ఆ 197 కోట్లు ఎలా వచ్చాయో మీ మాస్టారిని అడిగి చెప్పు’ అన్నారు. మాస్టారూ, ఆరు మన్వంతరాలు, ఒక్కొక్కటి 71 మహాయుగాల చొప్పున నేను వేయగలిగాను. 184 కోట్ల మూడు లక్షల ఇరవై వేలు వచ్చింది. మన్వంతరాల అంచుల్లో వచ్చే సంధికాలాలు కూడా కలపాలా?

లెక్కల మాస్టారు

ముందు గుణకారం చూద్దామమ్మా. 426 మహాయుగాలను 43,20,000తో గుణిస్తే 184,03,20,000. మీరు చెప్పింది సరే. సంధులు కలపాలి. ఏడు సంధులు, ఒక్కొక్కటి కృతయుగమంత, 17,28,000. ఆపైన వైవస్వతంలో గడిచిన 27 మహాయుగాలు. తర్వాత ఇప్పటి మహాయుగంలో కృత, త్రేతా, ద్వాపరాలు. చివర కలిలో ఐదువేల నూట చిల్లర. మొత్తం మీరు వేయకండి, పెదనాన్నగారినే కాగితం మీద వేయమనండి.