‘కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు’: ఆ కాడు ఏ కాడు?

అందరికీ నమస్కారం. మా అమ్మ వచ్చే వారం కాశీ బయల్దేరుతోంది. మొన్న సాయంత్రం మందులు, స్వెట్టరు సంచిలో సర్దుతుంటే పక్కవీధి మామ్మగారు వచ్చి, ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు, జాగ్రత్త తల్లీ’ అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అప్పటినుంచి అమ్మకి ఒకటే టెన్షన్. ఈ సామెత ఎందుకు పుట్టింది? కాశీ పక్కకి కాడు ఎందుకొచ్చింది?

—

అమ్మాయ్, అది రైళ్ళు లేని రోజుల మాట అని ముందు అమ్మగారికి చెప్పు. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ, గయ చూసుకుని కలకత్తా మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పల్లకీ, బోయీలు, వెంట పరివారం ఉన్న మనిషికే 15 నెలలు దాటింది. ఇక కాలినడకన పోయేవాళ్ళ సంగతి చెప్పాలా? వాగులు, జ్వరాలు, దొంగల భయం. నెలల తరబడి కబురుండదు. గుమ్మంలో నిలబడి సాగనంపే ఇల్లాలికి మళ్ళీ చూస్తానన్న ఆశ ఎంత ఉంటుంది!

ఇక మాట సంగతి. నాడు నాటి, గూడు గూటి అయినట్టే కాడు కాటి అయింది. కాడు అంటే అడవి అనే అర్థం కూడా ఉంది. కన్నడంలో, తమిళంలో ఇప్పటికీ అదే వాడుక. తమిళులు శ్మశానాన్ని సుడుకాడు అంటారు, మనం వల్లకాడు అంటాం. మన నోళ్ళలో మాత్రం అడవి జారిపోయి శ్మశానమే మిగిలింది.

ఇప్పుడు కాశీ పేర్లు చూడు. ఆనందకాననం అన్నారు, మహాశ్మశానం అన్నారు. ఒకటి అడవి, ఒకటి వల్లకాడు. ఆ రెంటినీ మన ‘కాడు’ ఒక్కటే మోస్తోంది! సామెత కట్టినవాళ్ళు ఇంత ఆలోచించి ఉంటారని అనను. వాళ్ళ చెవికి కాశీ, కాటి కలిశాయి, అంతే. అయినా ఇది తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

—

మాస్టారూ, చిన్న మనవి. ఇందులో భయం ఒక్కటే ఉందంటారా? ‘కాశ్యాం మరణాన్ముక్తిః’, అంటే కాశీలో పోతే ముక్తే అని నమ్మి, తిరిగి రాకూడదనే వెళ్ళినవాళ్ళు ఉన్నారు కదా. కాశీవాసం అనే మాట అందుకేగా వచ్చింది.

—

నిజమే బాబూ, అది నేను వదిలేశాను. మణికర్ణికా ఘాట్‌కి పోయే సందులో నడుస్తుంటే వెనకనుంచి ‘రామ్ నామ్ సత్య హై’ అని వినబడింది. సందు ఎంత ఇరుకంటే, గోడకి వీపు ఆనించి నిలబడితే గాని పాడె పోదు. బంతిపూల దండ నా భుజాన్ని రాసుకుంటూ పోయింది. కింద పెద్ద త్రాసులో కట్టెలు తూస్తున్నారు. ఆ పక్కనే ఒక ముసలాయన గంగలో మూడు మునకలేసి, తల తుడుచుకుని, టీ కొట్టువైపు నడిచాడు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఆ మెట్ల మీద నిజంగానే ఒకటిగా కనిపించారు. నాకు భయం వేయలేదు.

ఇంకొకటి. సామెతలో ‘పోయినవాడు’ చూశారా? పోవడమంటే వెళ్ళడం, చనిపోవడం కూడా. అందుకే మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు ‘పోతాను’ అననివ్వరు, ‘వెళ్ళొస్తాను’ అనిపిస్తారు. అమ్మగారిని మామ్మగారి ముందు ఆ మాట గట్టిగా అనమను.

—

అనేసింది మాస్టారూ. ఇవాళ పొద్దున్నే వెళ్ళి, ‘కాశీకి వెళ్ళొస్తాను అత్తయ్యగారూ’ అని చెప్పి వచ్చింది. మామ్మగారు వంద కాగితం చేతిలో పెట్టి, మనవలకి అయిదు కాశీతాళ్ళు తెమ్మన్నారట.