వరంగల్ నుంచి వండర్‌లా పోతూ పోకెమాన్ గో ఆడేటోళ్లకు: బ్యాటరీ, నీళ్లు, ఏఆర్, రెయిడ్లు

ఓరుగల్లు ట్రైనర్
ఎండాకాలం సెలవులల్ల హన్మకొండ, కాజీపేట, నర్సంపేట దిక్కు నుంచి హైదరాబాద్ పక్కన రావిర్యాల వండర్‌లా పార్కుకు చానామంది పోతరు. అక్కడ పోకెమాన్ గో (తిరుగుకుంట ఫోన్‌ల పోకెమాన్ బొమ్మలను బంతి విసిరి పట్టే ఆట) అసొంటి ఏఆర్ ఆటలు, అంటే కెమెరాల కనబడే చోట బొమ్మను నిలబెట్టే ఆటలు ఆడేటోళ్లకు పనికొచ్చే సంగతులన్నీ ఒక్కతాన జమ చేద్దాం. ఏ సెట్టింగు మార్చాలె, ఏది ఎందుకు చెడిపోతది అన్నది విడమర్చి రాయుండ్రి.

మొదలు నేనే పెడుతున్న. కార్ల పోయేటోళ్లు ఉప్పల్ ట్రాఫిక్‌ల దూరే పనిలేదు. ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కి, పెద్ద అంబర్‌పేట మీదుగ 13వ ఎగ్జిట్ కాడ దిగితే సరి. తోవల ఆట మీద ఆశ పెట్టుకోవద్దు. వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు దాటితే పోకెస్టాప్ (మ్యాప్ మీద తిప్పితే ఆట సామాన్లు ఇచ్చే చోటు) తిరుగది. సుమారు 10 దాటితే ఆటల గుడ్లు పొదిగేందుకు నడిచిన దూరం లెక్కకే రాదు. ఔటర్ మీద యాప్ తెరిచి పెట్టుకుంటే బ్యాటరీ తప్ప ఇంకేం ఖర్చు కాదు. బంద్ పెట్టుండ్రి.

ఇంకోటి ఇంటికాడనే చేసుకోవాలె. ఆట సెట్టింగులల్ల అడ్వాన్స్‌డ్‌లకు పోతే అసెట్స్ (ఆట బొమ్మల ఫైళ్లు) అన్నీ ఒక్కసారే డౌన్‌లోడ్ చేసుకునే బటన్ ఉంటది. ముందురోజు రాత్రి వైఫై మీద నొక్కుండ్రి. ఆదివారం పార్కుల వేలమంది ఒకే టవర్ మీద పడితే కొత్త బొమ్మ దిగక తెర తెల్లగ తిరుగుతనే ఉంటది.

కాజీపేట జంక్షన్
రైలుకు కూడా అదే లెక్క. జనగామలోనో భువనగిరిలోనో బండి ఆగినప్పుడే స్టాప్ తిరుగుతుంది. కదిలాక ఫోన్ జేబులో పెట్టుకోవడమే.

సుబేదారి సర్వీస్ సెంటర్
ఫోన్ల రిపేరు వైపు నుంచి కొన్ని మాటలు. పార్కులకు వెళ్లొచ్చిన ఫోన్లలో ఎక్కువగా కనబడేవి రెండే జబ్బులు: వేడి, తడి.

ముందు వేడి. జీపీఎస్, తెర వెలుతురు, డేటా, కెమెరా నాలుగూ ఒకేసారి నడిచే ఆట ఇది. ఐఫోన్‌ను బయట 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే చెబుతుంది. మేలో మన దగ్గర నీడలోనే 42 దాటుతుంది. దాంతో ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి మొదట తెర వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, ఆ తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది. పవర్ బ్యాంక్ పెట్టినా ఎక్కట్లేదని చాలామంది కేబుల్ మారుస్తారు. కేబుల్ తప్పు కాదది. ఎండలో ఆడుతూ ఛార్జ్ చేయకండి. నీడకు వచ్చి, ఆట మూసి, వెనక కవర్ తీసి పది నిమిషాలు ఉంచి, అప్పుడు పెట్టండి. చల్లబడాలని ఐస్ బాక్సులోనో కూల్‌డ్రింక్ సీసా పక్కనో పెట్టొద్దు. లోపలి గాలిలోని తేమ బోర్డు మీద చెమ్మగా దిగుతుంది.

పవర్ బ్యాంక్ లెక్క కూడా తెలుసుకోండి. పైన 10,000 ఎంఏహెచ్ అని ఉన్నా అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గరి లెక్క. 5 వోల్టులకు పెంచి ఇచ్చేసరికి చేతికొచ్చేది సుమారు 6,000. వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని రాసి ఉండే అంకె అదే. అంటే 5,000 బ్యాటరీ ఫోన్ ఒకసారి నిండుతుంది, ఇంకొంచెం మిగులుతుంది, అంతే. ఇద్దరు ఆడేట్టయితే 20,000ది తీసుకోండి.

ఇక తడి. ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగు) అని పెట్టె మీద ఉంది కదా అని వేవ్ పూల్‌లోకి ఫోన్ తీసుకుపోవద్దు. ఆ పరీక్ష మంచినీళ్లలో, నిశ్చలంగా ఉంచి చేస్తారు. పూల్‌లో క్లోరిన్ ఉంటుంది, పై నుంచి నీళ్లు వేగంగా కొడతాయి. నీళ్లు దిగి పాడైతే వారంటీ కూడా మామూలుగా వర్తించదు. ప్లాస్టిక్ పౌచ్ తీసుకుంటే, ఇంట్లో ముందుగా టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్‌లో అరగంట ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టండి. పౌచ్ మీద నీటి చుక్కలుంటే టచ్ తనంతట తానే పక్కకు జారుతుంది. బంతి విసరబోతే బ్యాగు తెరుచుకునేది అందుకే. తుడిచి ఆడండి. ఛార్జింగ్ రంధ్రం తడిస్తే ఫోన్‌ను నిలువుగా పట్టి మెల్లగా తట్టి, గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెట్టొద్దు, పొడి రేణువులు లోపల ఇరుక్కుంటాయి. తడి ఉండగా ఛార్జర్ పెడితే పిన్నులు పచ్చబడి తుప్పు పడతాయి.

బండ్ మీద నడక
సర్వీస్ అన్న చెప్పినదానికి తోడు ఇంకో మూడు: ఆటలో బ్యాటరీ సేవర్ పెట్టుకోండి, ఫోన్ తలకిందులు చేస్తే తెర మసకబారుతుంది. నేటివ్ రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎక్కువసార్లు మారే సెట్టింగు) ఆపేయండి. పోకెమాన్ ఎదురైనప్పుడు కుడివైపు పైన ఉండే ఏఆర్ మీటను ఆఫ్‌లో ఉంచండి. కెమెరా ఆగితే వేడి వెంటనే తగ్గుతుంది, బంతి గురి కూడా కుదురుతుంది.

తోరణం ఫొటోలు
ఏఆర్ మొత్తమే ఆపమంటే నేను ఒప్పుకోను. పార్కుకు పోయి పోకెమాన్‌ను రైడ్ ముందట నిలబెట్టి ఫొటో తీసుకోకపోతే ఏఆర్ ఆట ఎందుకు? ఎప్పుడు, ఎక్కడ ఆన్ చేయాలో తెలిస్తే చాలు.

ఇది పనిచేసే తీరు ఏందంటే, ఫోన్ కెమెరాల కనబడే మూలలు, గీతలు, మచ్చలు పట్టుకొని, గైరో సెన్సార్ చెప్పే కదలికతోని సరిపోల్చుకుంటది. అందుకే గళ్ల టైల్స్, ఇటుకల బాట, గడ్డి మీద బొమ్మ గట్టిగ నిలబడతది. సాపు సిమెంటు, అద్దం, నీళ్ల మీద పట్టు దొరకక బొమ్మ జారిపోతది. ఫోన్‌ను నేల దిక్కు వంచి, ఒక అడుగు కుడికి, ఒక అడుగు ఎడమకు మెల్లగ జరిపితే నేలను గుర్తుపడతది. ఉన్నకాన్నే నిలబడి చేయి ఒక్కటే తిప్పితే పట్టుకోదు.

పోయే ముందు ఇక్కడనే పరీక్ష చేసుకోవచ్చు. ఖిలా వరంగల్ల కీర్తి తోరణాల దగ్గర చెక్కిన రాయి మీద వెంటనే పట్టేస్తది. వేయిస్తంభాల గుడిల నునుపు చేసిన నల్లరాయి స్తంభం ముందట అదే ఫోన్ తడబడతది. ఎందుకంటే నునుపు రాయి మీద కనబడే మెరుపులు మనిషి జరిగినకొద్దీ జరుగుతయ్, ఫోన్ వాటినే మచ్చలనుకుంటది. పార్కుల మెరిసే స్టీలు రెయిలింగులది కూడా ఇదే కథ.

కదిలే రైడ్ మీద ఏఆర్ ఎట్లయినా నడవది. కూసున్న బండి కెమెరాకు కదలనట్టు కనబడతది, సెన్సారేమో కదులుతున్నం అంటది. రెండింటికి పొత్తు కుదరక బొమ్మ ఎగిరిపోతది. కోస్టర్ల మీదికి ఫోన్ తీసుకపోనియ్యరు కూడా. లాకర్ల పెట్టుండ్రి. జేబుల నుంచి జారిన ఫోన్ కింద నిలబడ్డోళ్ల తలకు తగిలితే ప్రాణం మీదికొస్తది.

వెనుక మాగ్నెట్ రింగ్ ఉన్న కవర్ అయితే తీసేయుండ్రి. కంపాస్ దారి తప్పి మ్యాప్‌ల మీ బొమ్మ పక్కకు తిరిగి నిలబడతది. ఇనుప స్తంభాల నుంచి దూరం జరిగి ఫోన్‌ను గాలిల ఎనిమిది అంకె ఆకారంల తిప్పితే సర్దుకుంటది.

ములుగు రోడ్ రెయిడర్
క్యూలల్ల రెయిడ్ (జిమ్ అనే చోట నలుగురు కలిసి పెద్ద పోకెమాన్‌తోని కొట్లాడుడు) ఆడేటోళ్లకు టైమ్ లెక్క. ఐదు నక్షత్రాల రెయిడ్ అంటే లాబీ (అందరు చేరేదాక ఆగుడు) 2 నిమిషాలు, కొట్లాట 5 నిమిషాలు, తర్వాత పట్టుడు వేరే. గేటు పది నిమిషాల దూరంల ఉంటే మొదలు పెట్టొద్దు. వెనుకోళ్లు నెడుతరు, మీరు ఆగిపోతరు, అందరికి తిప్పలు. రెయిడ్ 45 నిమిషాలు ఉంటది. రైడ్ దిగినంక ఆడినా దొరుకుతది, అదే జిమ్ పరిధిల ఉంటే సరిపోతది. పరిధి సుమారు 80 మీటర్లు.

క్యూల నిలబడి ఇన్సెన్స్ (పోకెమాన్‌లను మన దగ్గరికి రప్పించే సామాను) వాడుడు దండుగ. నిలబడ్డోళ్లకు దాదాపు 5 నిమిషాలకు ఒకటే వస్తది, నడిస్తేనే జల్ది వస్తయ్. ఇన్సెన్స్ ఒక రైడ్ నుంచి ఇంకో రైడ్‌కు నడిచేటప్పుడు వాడుండ్రి. క్యూ కాడనో అన్నం తినేకాడనో స్టాప్ ఉంటే ల్యూర్ (ఆ స్టాప్ కాడికి పోకెమాన్‌లను రప్పించేది) వేయుండ్రి. అది అరగంట ఉంటది, పక్కోళ్లకు కూడా పనికొస్తది.

సింగపూర్ సెంటోసాల 2019 ఏప్రిల్‌ల సఫారీ జోన్ అనే పోకెమాన్ గో కార్యక్రమం పెట్టినట్టు ప్రత్యేక ఏర్పాటు ఉంటుందనుకొని పోవద్దు. మామూలు రోజుల పార్కుల దొరికేవి మామూలువే.

హంటర్ రోడ్ అక్క
పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి? నీళ్ల దగ్గర కెమెరా సంగతి కూడా చెప్పండి.

ఓరుగల్లు ట్రైనర్
అక్కా, ఆండ్రాయిడ్‌ల స్క్రీన్ పిన్నింగ్, ఐఫోన్‌ల గైడెడ్ యాక్సెస్ పెడితే పిల్లలు ఆట దాటి బయటికి పోలేరు. ప్లే స్టోర్‌ల ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుండ్రి, లేకుంటే నాణేల ప్యాక్ ఒక్క వేటుల కొనేస్తరు. రైడ్ దిగే మెట్ల కాడ, పూల్ గట్టు మీద, బండ్లు తిరిగే పార్కింగ్‌ల ఫోన్ చూసుకుంట నడవనియ్యొద్దు. గుడ్డు పొదగాలంటే అడ్వెంచర్ సింక్ (ఆట మూసి ఉన్నా నడక లెక్కగట్టే సెట్టింగు) ఆన్ చేసి జేబుల పెట్టినా దూరం లెక్కకొస్తది.

వాటర్ పార్క్ దిక్కు, బట్టలు మార్చుకునే గదుల దిక్కు ఏఆర్ మొత్తం ఆపాలె. తెర మీద మీకు పికాచు కనబడతది, ఎదుటోళ్లకు మాత్రం వాళ్ల దిక్కు తిప్పిన కెమెరా కనబడతది.

కాజీపేట జంక్షన్
పిల్లలు పాత వీడియోలు చూసి విజార్డ్స్ యునైట్, మైన్‌క్రాఫ్ట్ ఎర్త్ అనే పాత ఏఆర్ ఆటలు కావాలని అడుగుతారు. మొదటిది 2022 జనవరిలో, రెండోది 2021 జూన్‌లో మూసేశారు. వాటి పేరుతో దొరికే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైళ్లు) ఎక్కించకండి. ఆ ఆటల సర్వర్లే లేవు.