సింగపూర్ నుంచి తెచ్చిన చైనా వేరు మాత్రలు, ఎసిట్రోమ్‌తో పాటు వేసుకోవచ్చా?

సోంపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి మూడేళ్ల కిందట విశాఖలో గుండె వాల్వు మార్చారు, మెటల్ వాల్వు, అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారు. దసరాకి మా చిన్నాన్న కొడుకు సింగపూర్ నుంచి వస్తూ ఒక సీసా తెచ్చాడు, దాని మీద చైనా అక్షరాలు, ఎర్రటి వేరు బొమ్మ, అడుగున సన్నగా ఇంగ్లిషులో డాన్‌షెన్ అని ఉంది. గుండెకి మంచిదని చెప్పాడంట. నాన్న ఎవరికీ చెప్పకుండా పదిహేను రోజులుగా మింగుతున్నారు. ఇవాళ పొద్దున్న పళ్లు తోముకుంటే చిగుళ్ల రక్తం ఎంతకీ ఆగలేదు, చొక్కా విప్పించి చూస్తే కొబ్బరికాయల బస్తా మోసిన భుజం మీద అరచేతంత నల్లగా కమిలిపోయి ఉంది. వేరు మందే కదరా, ఏం చేస్తుంది అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

మందుల షాపు, శ్రీకాకుళం:
తమ్ముడూ, ఆ సీసా ఇప్పుడే ఆపించు. ఎసిట్రోమ్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, వాల్వు మీద రక్తం గడ్డకడితే అది ఇంకో ప్రమాదం. ఈ పూటే సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి ఐఎన్ఆర్ చేయించండి, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే రక్త పరీక్ష, అంకె ఎంత పెరిగితే రక్తస్రావం ముప్పు అంత ఎక్కువ. డాన్‌షెన్‌లో పస లేక కాదు, ఉండబట్టే ఈ తంటా. అది కూడా రక్తం గడ్డకట్టకుండా చేసే రకమే. వార్ఫరిన్ అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు వాడేవాళ్లు దీన్ని కలిపి వేసుకుంటే ఐఎన్ఆర్ విపరీతంగా పెరిగి రక్తస్రావమైన కేసులు 1990ల్లోనే హాంకాంగ్ డాక్టర్లు రాశారు, ఎసిట్రోమ్‌ది కూడా అదే కుటుంబం. డాంగ్ క్వాయ్ వేరు సంగతీ ఇంతే. జిన్‌సెంగ్ అయితే ఎదురు తిరిగి వార్ఫరిన్ పని తగ్గించేస్తుంది. ఒకవేళ తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, నల్లటి విరేచనం కనిపిస్తే టెస్టు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి.

బొబ్బిలి అక్క:
వేరు మందే కదా అని మేమూ అనుకున్నాం. మా అమ్మ దగ్గుకని అతిమధురం నెలల తరబడి నమిలింది, చైనా వాళ్ల కషాయాల్లో కూడా చాలావాటిలో అదే పడుతుంది. బీపీ మాత్రలు ఎన్ని మార్చినా బీపీ దిగలేదు, కాళ్లలో పట్టు పోయింది, రక్త పరీక్షలో పొటాషియం బాగా తక్కువ వచ్చింది. అది మానేశాకే కుదుటపడింది. మన వసనాభి జాతి దుంపని వాళ్లు ఫూజీ అంటారు, సరిగ్గా శుద్ధి చెయ్యకపోతే గుండె లయే తప్పిపోతుంది. మా హువాంగ్ అనేదుంది, ఎఫెడ్రా, బరువు తగ్గడానికి వాడి గుండెపోట్లు వస్తుంటే 2004లో అమెరికాలో ఆ సప్లిమెంట్లు నిషేధించారు.

కవిటి మాస్టారు:
చైనా మందులన్నీ చెడ్డవని కాదు బాబూ. టోంగ్‌షిన్‌లువో అనే మందుని గుండెపోటు వచ్చిన 3,777 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు, 30 రోజుల్లో మరణాలు, మళ్లీ గుండెపోట్లు లాంటివి మందు వేసుకున్నవాళ్లలో 3.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 5.2 శాతం. కానీ అది ఆసుపత్రిలో, మామూలు వైద్యంతో పాటు, లెక్కగా ఇచ్చింది. సీసాలో ఏముందో చదవలేని మందు వేరు. కొన్ని చైనా మూలికల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉండి కిడ్నీలు పాడవుతాయి, మన ఉద్దానంలో అసలే ఎన్ని ఇళ్లు డయాలసిస్‌తో నలిగిపోతున్నాయో తెలిసిందే కదా.

సోంపేట కుర్రాడు:
వెళ్లొచ్చాం. ఐఎన్ఆర్ 5.8 వచ్చింది, పోయిన నెల 2.9. డాక్టరు ఇవాళ్టి ఎసిట్రోమ్ ఆపమన్నారు, రేపు మళ్లీ టెస్టు చేసి డోసు చెప్తారంట. సీసా వాళ్ల దగ్గరే ఉంచేశాం. దారంతా మాట్లాడని నాన్న ఇంటికొచ్చాక సీసా తెచ్చిన చిన్నాన్న కొడుక్కి తనే ఫోన్ చేసి, ఇంకెవరికైనా ఇచ్చావా అని అడిగారు. ఇంకో రెండిళ్లలో ఇచ్చాడంట. ఇప్పుడు వాళ్లింటికే బయల్దేరుతున్నాం.